నలభైయేళ్ళ ముసలివాళ్ళు

హైదరాబాదు నుంచి ఉత్తరంగా రెండు పెద్ద రోడ్లు పోతాయి. ఒకటి మేడ్చల్ మీదుగా నాగపూరుకి. రెండోది శామీర్‌పేట మీదుగా కరీంనగర్‌కి. ఈ రెండు రోడ్ల వెంబడీ, వాటి నడుమా మందుల కర్మాగారాలు, టీకాల కర్మాగారాలు, గుండ్లపోచంపల్లి దుస్తుల పార్కు, గిడ్డంగులు బారులు తీరి వున్నాయి. 1990ల చివర మొదలైన జీనోమ్ వ్యాలీ యిక్కడే వున్నది. కరోనా టీకా యిక్కడ తయారై దేశమంతటికీ వెళ్ళింది. అదే శామీర్‌పేటలో నల్సార్ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయం కూడా వున్నది. అంటే పని, పనిని గురించిన చట్టం పక్కపక్క యిళ్ళలో కాపురం చేస్తున్నాయన్నమాట. అయితే యీ యిరుగుపొరుగుల మధ్య వొక ప్రశ్న అనాథగా పడి వున్నది: నలభై దాటిన మనిషివి, నీకు పని లేదు పొమ్మని వొక ప్రైవేటు యజమాని కార్మికుణ్ణి గేటు దగ్గరే వెనక్కి పంపితే, అది యే చట్టం ప్రకారం తప్పు?

ఏ చట్టం ప్రకారమూ తప్పు కాదు. అదీ మన ప్రజాస్వామ్యం పరిస్థితి.

వయస్సు ప్రకృతి ధర్మమనీ, ముసలితనం అందరికీ వచ్చేదేననీ, దానిలో వర్గదృష్టికి చోటేమిటనీ కొందరు మిత్రులు అంటూవుంటారు. ప్రకృతి ధర్మమే అయితే అది అందరికీ యించుమించు వొకే వేళకి రావాలి. సుప్రీంకోర్టు న్యాయమూర్తికి పదవీ విరమణ 65కి వస్తున్నది. హైకోర్టు న్యాయమూర్తికి 62కి. తెలంగాణ ప్రభుత్వోద్యోగికి 61కి. మంత్రిగారికీ, వాటాదారుగారికీ అసలు రానేరాదు. ప్యాకింగు లైను దగ్గర యెనిమిది గంటలు నిలబడే ఆడమనిషికి మాత్రం నలభైకే వచ్చేస్తున్నది. ముసలితనపు ముహూర్తం హోదానిబట్టి మారుతున్నది. కాబట్టి యిది ప్రకృతి ధర్మం కాదు, యజమాని ధర్మం.

చట్టం నోరు విప్పని చోటు

రాజ్యాంగం 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా రాజ్యం వివక్ష చూపరాదన్నది. ప్రభుత్వోద్యోగాల విషయంలో 16వ అధికరణం వీటికి వంశాన్నీ, నివాసాన్నీ చేర్చింది. వయస్సు యెక్కడా లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1958లో ఉద్యోగ వివక్ష మీద 111వ నెంబరు ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని 1960లో ఆమోదించింది. ఆ ఒప్పందం పేర్కొన్న కారణాల జాబితాలోనూ వయస్సు లేదు. 1980లో అదే సంస్థ వయస్సు మళ్ళిన కార్మికుల గురించి వొక సిఫార్సు చేసింది. సిఫార్సులకి యజమానులు యెంత భయపడతారో పాఠకులకి చెప్పనక్కరలేదు.

రాజ్యాంగానికి వయస్సు సంగతి తెలియక కాదు. 39వ అధికరణం కార్మికుల ఆరోగ్యాన్నీ బలాన్నీ దుర్వినియోగం చేయరాదని రాజ్యానికి బోధిస్తున్నది. 41వ అధికరణం నిరుద్యోగంలో, వార్ధక్యంలో, రోగంలో ప్రజాసహాయం అందాలంటున్నది. కాని యివి ఆదేశిక సూత్రాలు. వీటిని పట్టుకుని కోర్టు మెట్లు యెక్కడానికి లేదు. పేదవాడికి సంబంధించిన మంచి మాటలన్నిటినీ అమలుకి వీల్లేని అధ్యాయంలో పెట్టడం ఆనాటి రాజీ ఫలితం. దాని ఖరీదు మేడ్చల్ కార్మికుడు యీనాడు చెల్లిస్తున్నాడు.

ప్రైవేటు యజమాని మీద వివక్ష చట్టాలు పెట్టడం కుదరదని వాదించేవాళ్ళున్నారు. ఇది అసత్యం. 1976 నాటి సమాన వేతన చట్టం స్త్రీపురుషుల మధ్య భేదం చూపరాదని ప్రైవేటు యజమానినీ కట్టడి చేసింది. 2017 నాటి చట్టం హెచ్‌ఐవీ వున్నవారిని ఆ కారణంగా పనిలోంచి తీసివేయరాదన్నది. అవన్నీ వచ్చినప్పుడు ఆకాశం విరిగిపడలేదు, పరిశ్రమలు మూతపడలేదు. వయస్సు దగ్గరికి వచ్చేసరికే యజమాని స్వేచ్ఛ పవిత్రమైపోయింది.

ఇక రాజ్యం తన లెక్కల్లో కార్మికుడి వయస్సుని యెలా చూస్తున్నదో గమనించండి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతుల ప్రకారం 40 దాటినవారికి యేటా ఉచిత వైద్యపరీక్ష చేయించాలి. అంటే నలభై దాటితే వొళ్ళు అరిగిపోతుందని ప్రభుత్వం వొప్పుకున్నట్టే. ప్రావిడెంటు ఫండు పింఛను 58కి వస్తుంది. 50 దాటాక ముందే కావాలంటే యేడాదికి నూటికి 4 చొప్పున కోత పడుతుంది. ఆ పింఛనుకి 2014 సెప్టెంబరులో నిర్ణయించిన కనీస మొత్తం నెలకి 1000 రూపాయలు. 2021లో తెలంగాణ ప్రభుత్వం వృద్ధాప్య పింఛను అర్హతని 57కి దించింది. అదే సంవత్సరం తన ఉద్యోగుల పదవీ విరమణను 58 నుంచి 61కి పెంచింది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం లెక్కలో 60 నిండితేగాని వృద్ధులు కారు. నలభై, యాభై, యాభైయేడు, యాభైయెనిమిది, అరవై, అరవైవొకటి! ఇన్ని గీతలు గీసిన రాజ్యం వొక్క గీత మాత్రం గీయలేదు: వయస్సు పేరుతో పనిలోంచి గెంటరాదు అనే గీత. నలభైఅయిదుకి గేటు బయటపడ్డవాడు కోతలేని పింఛను కోసం పదమూడేళ్ళు యేమి తిని బతకాలి? కొడుకు పోషించాలని 2007 చట్టం అంటుంది. ఆ కొడుకు కూడా కంట్రాక్టు కార్మికుడే!

గెంటివేతకు నాలుగు ద్వారాలు

వయస్సు చూసి గెంటడం బాజాలు మోగించి జరిగే పని కాదు. అందుకే అది మధ్యతరగతి కంటికి ఆనదు. దానికి నాలుగు ద్వారాలున్నాయి.

మొదటిది ప్రకటన. పనివాళ్ళు కావలెను, వయస్సు 18 నుంచి 30 లోపు అని పట్టపగలు గోడమీద అంటిస్తారు. ఫలానా కులంవాళ్ళే రావలెనని రాస్తే దేశం భగ్గుమంటుంది, భగ్గుమనాలి కూడా. వయస్సు గురించి రాస్తే యెవరికీ చీమ కుట్టినట్టయినా వుండదు.

రెండోది కంట్రాక్టరు. కార్మికుడు అదే షెడ్డులో అదే యంత్రం దగ్గర పన్నెండేళ్ళు పనిచేసినా కాగితంమీద యజమాని మారుతూవుంటాడు. పాత కంట్రాక్టరు పోయి కొత్తవాడు వచ్చినప్పుడల్లా హాజరు పుస్తకం కొత్తదవుతుంది. మనిషి సర్వీసు సున్నా అవుతుంది. కొత్త కంట్రాక్టరు అందరినీ తీసుకోనక్కరలేదు. ఎవరిని వదిలేస్తాడో వేరే చెప్పాలా? బీహారు నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కుర్రవాళ్ళని చూపి వాళ్ళే మీ పని లాక్కున్నారని మన కార్మికుడి చెవిలో ఊదేవాళ్ళూ యిక్కడే తయారవుతారు. ఆ బీహారు కుర్రవాడు నలభైకి వచ్చాక రైలెక్కించి పంపేది కూడా యీ చేతులే.

మూడోది ఫిట్‌నెస్ సర్టిఫికేటు. వైద్యపరీక్ష కార్మికుడి హక్కు. కష్టపడి సాధించుకోవలసిన హక్కు. కాని పరీక్ష ఫలితం యెవరి చేతికి వెళ్తున్నదనేది అసలు ప్రశ్న. రక్తపోటు వున్నదని తెలిస్తే మందివ్వడానికా, బయటికి పంపడానికా? 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం దీర్ఘకాలిక అనారోగ్యంతో తీసివేయడాన్ని రిట్రెంచిమెంటు నిర్వచనంలోంచే మినహాయించింది. ఆ మినహాయింపు చాటున యెన్ని మోకాళ్ళు, యెన్ని కళ్ళు పరిహారం లేకుండా గేటు దాటిపోయాయో! నలభై దాటినవారికి పరీక్ష తప్పనిసరి చేసి, ఆ పరీక్షని ఉద్వాసనకి వాడరాదని గట్టిగా చెప్పకపోతే, వైద్యుడి గది గేటు గుమాస్తా గదిగా మారుతుంది.

నాలుగోది స్వచ్ఛంద విరమణ. ఈ మాటలో స్వచ్ఛందం యెంతో అనుభవించినవాళ్ళకే తెలుసు. ప్రభుత్వరంగంలో దీన్ని మర్యాదగా చేస్తారు. మౌలాలి హెచ్‌ఎంటీ బేరింగుల కర్మాగారం మూసివేతకి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినప్పుడు స్వచ్ఛంద విరమణ పథకమే చేతిలో పెట్టింది. ప్రైవేటులో యింత మర్యాద కూడా వుండదు. రాజీనామా కాగితం ముందుగానే టైపు చేసి వుంటుంది.

ఈ నాలుగు ద్వారాల వెనుక వున్న లెక్క వొకటే. పాత కార్మికుడంటే యేటా పెరిగిన జీతం, పేరుకున్న గ్రాట్యుటీ, హక్కులు తెలిసిన నోరు, సంఘం కట్టగల అనుభవం. కొత్త కార్మికుడంటే మొదటి మెట్టు కూలి. యజమాని వయస్సు అన్నప్పుడల్లా మనం సీనియారిటీ అని అర్థం చెప్పుకోవాలి. ఆయన ద్వేషించేది నెరిసిన వెంట్రుకల్ని కాదు. వాటితోపాటు పెరిగిన బాకీని.

పెద్దవాళ్ళు పని చేయలేరనే వాదన వున్నది. చేయగలరో లేదో పని చూసి తేల్చవచ్చుగదా, పుట్టినతేదీ చూసి యెందుకు తేల్చాలి? మందుల కర్మాగారంలో రియాక్టరు శబ్దంలో తేడానీ, వాసనలో తేడానీ పసిగట్టి పదిమంది ప్రాణాలు కాపాడే నేర్పు నెలరోజుల శిక్షణతో రాదు. ఒకవేళ నిజంగానే చేతిలో సత్తువ తగ్గినా, ఆ సత్తువ యెక్కడికి పోయింది? ద్రావకాల ఆవిరిలో, రాత్రి షిఫ్టుల్లో, నిలువుకాళ్ళ కొలువులో యజమాని లాభంగా మారిపోయింది. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటిన తరువాత బోడిమల్లయ్య! రసం పిండుకున్నవాడే పిప్పిని చూపి, నువ్వు పిప్పివి పొమ్మంటున్నాడు.

కుర్రవాళ్ళ పేరుతో

ఇప్పుడు మనలో మనం తేల్చుకోవలసిన విషయానికి వస్తాను. పెద్దవాళ్ళు తప్పుకుంటేగాని యువకులకి ఉద్యోగాలు రావని మన విద్యార్థి మిత్రులలోనే చాలామంది నమ్ముతున్నారు. 2021లో విరమణ వయస్సు 61కి పెంచినప్పుడు నిరుద్యోగ యువకుల ఆగ్రహం అర్థం చేసుకోదగినదే. కాని ఆగ్రహం సరైనదైనంత మాత్రాన గురి సరైనదని కాదు.

ఈ వాదన చరిత్ర మన రాష్ట్రంలోనే వున్నది. 1979లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయస్సుని 55 నుంచి 58కి పెంచింది. 1983 ఫిబ్రవరిలో యెన్.టి. రామారావు ప్రభుత్వం అధికారానికి వచ్చిన నెల్లాళ్ళకే మళ్ళీ 55కి దించింది. చెప్పిన కారణం యువకులకి ఉపాధి. 18 వేలమందికి పైగా ప్రభుత్వోద్యోగులు వొక్క దెబ్బకి యింటికి పోయారు. 1985 జనవరిలో నాగరాజు కేసులో సుప్రీంకోర్టు ఆ తగ్గింపుని సమర్థించింది. అంతకు ముందే, 1984 ఆగస్టులో, భాస్కరరావు ప్రభుత్వం మళ్ళీ 58 చేసింది. కాని మధ్యలో గెంటబడ్డవాళ్ళని బయటే వుంచింది. ఆ అన్యాయాన్ని 1985లోనే ప్రభాకరరావు కేసులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి తీర్పు సరిదిద్దింది. అయిదేళ్ళలో 55, 58, 55, 58! ఆంధ్ర ఉద్యోగి శరీరం యీ అయిదేళ్ళలో ముందుకీ వెనక్కీ నడిచిందా? శరీరం నడవలేదు, ఖజానా లెక్కలూ రాజకీయాల లెక్కలూ నడిచాయి. ఆ తరువాత నిరుద్యోగం తీరిందా అంటే, నాలుగు దశాబ్దాలు గడిచి 2024లో తెలంగాణ ప్రభుత్వం ఉద్యోగాలకి గరిష్ఠ వయస్సుని 44 నుంచి 46కి పెంచవలసివచ్చింది. నలభైఆరేళ్ళదాకా అభ్యర్థిగానే వుండవలసిన యువకుడు! ప్రభుత్వ పరీక్ష హాలులో అతడు యింకా కుర్రవాడు, మేడ్చల్ గేటు దగ్గర అప్పుడే ముసలివాడు. ఈ రెండూ వొకే మనిషికి జరుగుతున్నాయని గుర్తించినప్పుడు కుర్రవాళ్ళూ ముసలివాళ్ళూ అనే రెండు పక్షాలు మాయమై వొకే పక్షం మిగులుతుంది.

ప్రభుత్వంలో ఖాళీలు నింపకపోవడం వొక నేరం. పాతవాళ్ళని గెంటడం మరొక నేరం. రెండో నేరంతో మొదటి నేరం కడుక్కుపోదు. పైగా ప్రైవేటు కర్మాగారంలో నలభైఅయిదేళ్ళవాణ్ణి తీసి పెట్టుకునే యిరవైయేళ్ళ కుర్రవాడికి యిచ్చేది పాతవాడి ఉద్యోగం కాదు, పాతవాడి కూలిలో కొంత భాగమూ, కంట్రాక్టరు చీటీను. అది ఉపాధి కాదు. కూలి తగ్గింపుకి ఉపాధి అని పెట్టిన ముద్దుపేరు.

పైదేశాల పాఠం

అమెరికాలో 1967లోనే వయోవివక్ష నిషేధ చట్టం చేశారు. 40 నిండినవారిని వయస్సు కారణంగా తీసివేయరాదు, తీసుకోకుండా వుండరాదు. బ్రిటన్‌లో 2006లో యిటువంటి నిబంధనలు వచ్చాయి. 2011లో 65కి తప్పనిసరి విరమణ అనే పద్ధతినే ఎత్తివేశారు. మన మందుల కంపెనీలు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తనిఖీకి గడగడలాడతాయి. గోడ రంగు నుంచి గాలి వడపోతదాకా వాళ్ళు చెప్పినట్టు చేస్తాయి. మాత్రకి అమెరికా నియమం, ఆ మాత్ర చేసే మనిషికి మాత్రం మేడ్చల్ నియమం! అక్కడ యే వయస్సు నుంచి రక్షణ మొదలవుతుందో, యిక్కడ ఆ వయస్సు నుంచే బహిష్కరణ మొదలవుతున్నది.

అయితే ఆ చట్టాన్ని తెచ్చి అతికిస్తే చాలునని మనం భ్రమపడరాదు. 2009లో అమెరికా సుప్రీంకోర్టు గ్రాస్ కేసులో, వయస్సు లేకపోతే ఆ చర్య జరిగేదే కాదని కార్మికుడే రుజువు చేయాలని తీర్పిచ్చి బరువంతా అతని నెత్తిన పెట్టింది. యజమాని మనస్సులోని మాటకి కార్మికుడు సాక్ష్యం యెక్కడ తేవాలి? ఇక యెంత ముసలితనం వచ్చినా పని చేయించుకునే స్వేచ్ఛే పురోగమనమని కొందరి వాదం. 2023లో ఫ్రాన్సు ప్రభుత్వం పింఛను వయస్సుని 62 నుంచి 64కి పెంచినప్పుడు అక్కడి కార్మికవర్గం వీధుల్లోకి వచ్చింది. పని చేసే హక్కు, విశ్రాంతి తీసుకునే హక్కు బొమ్మాబొరుసుల్లాంటివి. పింఛను లేని విరమణ ఆకలి. విరమణ లేని పని వెట్టి.

యజమానులు తెలుసుకోవలసింది

వయోవివక్ష చట్టం లేదుగదా అని మురిసిపోయే యజమానులు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

చివర వచ్చినవాడు ముందు పోవాలి అనే సూత్రం 1947 చట్టంలో వుండేది. పారిశ్రామిక సంబంధాల స్మృతిలోనూ వున్నది. కారణం రాసి చూపకుండా పాతవాణ్ణి తీసి కొత్తవాణ్ణి వుంచడం చట్ట విరుద్ధం. తొలగించడానికి ముందు నోటీసు, పూర్తి చేసిన ప్రతి సంవత్సరానికీ 15 రోజుల సగటు వేతనం బాకీ పడతారు. మళ్ళీ మనుషుల్ని తీసుకోదల్చుకుంటే మొదట పిలవవలసింది ఆ తొలగించినవాళ్ళనే. బలవంతపు రాజీనామాని కార్మికుడు సవాలు చేస్తే అది రాజీనామాయా, తొలగింపా అని విచారించే అధికారం ట్రిబ్యునలుకి వున్నది. తాత్కాలికులుగా యేళ్ళతరబడి వుంచి శాశ్వత హక్కులు యెగవేయడం అక్రమ కార్మిక విధానమని చట్టమే జాబితా కట్టింది. విరమణ వయస్సు యజమాని యిష్టం కూడా కాదు: 1966లోనే బ్రిటిష్ పెయింట్స్ కేసులో సుప్రీంకోర్టు, ప్రజల ఆయుర్దాయం పెరిగింది కాబట్టి కార్మికుల విరమణకి 60 సబబన్నది. విమాన పరిచారికలని 35కి దింపి, మగ ఉద్యోగులని 58 దాకా వుంచిన ఎయిరిండియా కేసులో, 1981లో అదే కోర్టు గర్భం దాల్చితే తీసివేయాలన్న నిబంధననీ, గడువు పొడిగించడానికి మేనేజింగు డైరెక్టరుకున్న హద్దులేని అధికారాన్నీ కొట్టివేసింది.

కార్మికులు కూడా తెలుసుకోవలసింది వున్నది. తొలగింపు మీద నేరుగా ట్రిబ్యునలుకి వెళ్ళే గడువు పాత చట్టంలో మూడేళ్ళుండేది, కొత్త స్మృతిలో రెండేళ్ళయింది. స్టాండింగ్ ఆర్డర్లు యిప్పుడు 300 మంది పనిచేసే చోటనే వర్తిస్తాయి. కంట్రాక్టర్ల పేరుతో ముక్కలు చేసిన షెడ్లలో ఆ 300 లెక్క యెప్పుడు పూర్తవుతుంది? సీనియారిటీ సూత్రం చట్టంలో బతికే వున్నది. సీనియారిటీ పుట్టకుండా చూసే యేర్పాటు కూడా అదే చట్టంలో, నియమితకాల ఉద్యోగమనే పేరుతో, బతికి వున్నది.

మన కర్తవ్యం

కాబట్టి మన కోరికలు స్పష్టంగా వుండాలి. ఉద్యోగంలో తీసుకోవడానికీ, తీసివేయడానికీ వయస్సు కారణం కారాదని, ప్రైవేటు యజమానిని కూడా బంధించే చట్టం కావాలి. అందులో రుజువు భారం యజమాని మీద వుండాలి. కంట్రాక్టరు మారినా కార్మికుడి సర్వీసు మారకూడదు. సీనియారిటీ షెడ్డుకి చెందాలి, చీటీకి కాదు. నలభై దాటినవారి వైద్యపరీక్ష ఫలితం కార్మికుడి సొత్తు కావాలి. తేలికపాటి పనికి మార్చడానికి తప్ప తీసివేయడానికి అది సాక్ష్యం కారాదు. పింఛను మనిషి బతికేటంత వుండాలి. వెయ్యి రూపాయలు పింఛను కాదు, వెక్కిరింత.

ఇవి కార్మిక సంఘాల పనులు, చదువుకున్నవాళ్ళకేమిటి సంబంధమని అడిగేవాళ్ళకి వొక్క మాట. ప్రైవేటు కాలేజీలో యేటేటా కాగితం మార్చుకుంటూ పాఠాలు చెప్పే అధ్యాపకుడు, ప్రాజెక్టు పూర్తయిందని యింటికి పంపబడే యింజనీరు మేడ్చల్ షెడ్డులోని కార్మికుడికి దూరపు బంధువులు కారు, ఆ కుటుంబంలోనివాళ్ళే. శామీర్‌పేటలో చట్టం చదివే విద్యార్థులూ, చుట్టుపక్కల కాలేజీల అధ్యాపకులూ ఆదివారం పూట ఆ బస్తీల్లోకి వెళ్ళి, యెవరు యెన్నేళ్ళు యే షెడ్డులో యెన్ని కంట్రాక్టర్ల పేర్లకింద పనిచేశారో రాసుకోవచ్చు. ఆ జాబితాయే రేపటి దావాకి సాక్ష్యం. చట్టం మాట్లాడని చోట లెక్క మాట్లాడాలి.

కార్మికుడి వయస్సు అతని నేరం కాదు. అతడు చేసిన పనికి అది రశీదు. ఆ రశీదు చూపించి బాకీ అడగవలసిన రోజున, దాన్నే చూపించి గెంటివేస్తుంటే యింకా యెంతకాలం వూరుకుంటాం?